జెట్లు మార్చే ముందు గాలి దారి కొలవండి

హీరో ఇంపల్స్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఇంజిను చప్పుడు వింటారు. తరువాత టైర్లు, చైను, ఫోర్కుల్లో ఆయిల్ లీకు చూస్తారు. కాగితాలు సరిగా ఉంటే బేరం కుదిరిపోతుంది. ఫిల్టర్ డబ్బా నుంచి సిలిండర్ హెడ్ దాకా ఉన్న ఆ జానెడు గాలి దారి జోలికి మాత్రం ఎవరూ పోరు. పైన ట్యాంకు, పక్కన ప్యానెళ్లు కప్పేసి ఉంటాయి కాబట్టి అది కంటికి ఆనదు కూడా. పాత మట్టి దారుల బండి మనిషిని ఏడిపించేది ఎక్కువగా అక్కడే.

ఇంపల్స్ విషయంలో దీనికి గట్టి కారణమే ఉంది. హోండాతో విడిపోయిన హీరో 2011లో ఈ బండిని తెచ్చింది. బ్రెజిల్‌లో హోండా అమ్మిన ఎన్ఎక్స్ఆర్ 150 బ్రోస్ దీనికి మూలం. 149.2 సీసీ ఇంజిను మాత్రం మనకు బాగా తెలిసిన హంక్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్ కుటుంబానిది. అమ్మకాలు అంతంతమాత్రంగా సాగి, కొన్నేళ్లకు తయారీ ఆగిపోయింది. 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చేదాకా హీరో దగ్గర ఆ జాతి బండి మళ్లీ లేదు. ఇప్పుడు ఇంపల్స్ కోసమే చేసిన రబ్బరు గొట్టాలు, ఫిల్టర్ డబ్బాలు కొట్లలో దొరకడం కష్టం. హంక్, ఎక్స్‌ట్రీమ్, యూనికార్న్ సామాను మాత్రం పాత సామాన్ల కొట్లలో కావలసినంత ఉంటుంది. ఒకటి పాడైన చోట ఇంకొకటి ఎక్కిస్తారు. బోల్టులు పడతాయి, బండి స్టార్టవుతుంది, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. వీటికి తోడు ఆన్‌లైన్లో చవగ్గా దొరికే పీఈ28 నకలు కార్బరేటర్లు, శంకు ఆకారపు ఫిల్టర్లు. నాలుగు చేతులు మారిన బండిలో నాలుగు రకాల సామాను చేరడం వింతేమీ కాదు.

సూరత్‌లోని పాండేసరాలో డైయింగ్ మిల్లులో పనిచేసే మా మేనల్లుడు తెచ్చుకున్న ఇంపల్స్ సరిగ్గా అలాంటిదే. వాడుండే బమ్రోలి పాండేసరా జీఐడీసీ పారిశ్రామికవాడను ఆనుకుని ఉంటుంది. సిరిసిల్ల, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గం పని మీద సూరత్ వచ్చిన మనవాళ్ల కుటుంబాలు ఈ చుట్టుపక్కల పేటల్లో చాలానే ఉన్నాయి. సెలవు దొరికితే డాంగ్ అడవుల వైపు, సాపుతారా కొండల వైపు బండ్లేసుకుని పోవడం ఇప్పటి కుర్రాళ్ల సరదా. వాడూ అందుకే కొన్నాడు.

"మామా, పొద్దున చోక్ ఏస్తె గాని స్టార్ట్ గాదు. ఎక్కినంక బాగనే పోతది. సిగ్నల్ కాడ ఆపితే రేస్ దానంతటదే లేస్తది, మల్ల బంద్ అయితది. కొండ దిగేటప్పుడు సైలెన్సర్ల టపటప పేలుతది."

ఈ నాలుగు మాటల్లో జబ్బు మొత్తం ఉంది. అంతకుముందు చూసిన మెకానిక్ కార్బరేటర్‌లో పెట్రోలు కొలిచే పైలట్ జెట్ మార్చాడు, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాడు, పైలట్ స్క్రూ అటూ ఇటూ తిప్పాడు. మైలేజీ పడిపోయింది కానీ జబ్బు కదల్లేదు. ఎందుకు కదలదో అర్థమైతే తరువాతి పనంతా తేలిక. అందుకే చిన్న లెక్క ఒకటి చూద్దాం.

ఫోర్‌స్ట్రోక్ ఇంజిను రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 7500 ఆర్‌పీఎం దగ్గర 149.2 సీసీ ఇంజిను నిమిషానికి దాదాపు 560 లీటర్ల గాలిని లాగగలదు. 1400 దగ్గర, అంటే ఐడిలింగ్‌లో, చుట్లే తక్కువ. పైగా థ్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి లోపలికి పోయే గాలి అందులో చిన్న వంతు. అదే సమయంలో కార్బరేటర్‌కు, వాల్వుకు మధ్య వాక్యూమ్ బలంగా ఉంటుంది. ఆ నడుమ రబ్బరులో వెంట్రుక మందం చీలిక ఉన్నా బయటి గాలిని జుర్రుకుంటుంది. ఫుల్ రేస్‌లో 560 లీటర్ల మధ్య ఆ దొంగ గాలి లెక్కలోకే రాదు. ఐడిలింగ్‌లో అదే పెద్ద వాటా అయి మిశ్రమాన్ని పలచన చేసేస్తుంది. వేగంగా పోతే బాగుంది, నిలబెడితే బాగాలేదు అని ఎవరైనా అంటే జెట్ డబ్బా పక్కన పెట్టి అతుకులు చూడాలి. దొంగ గాలిని పెట్రోలు పెంచి కప్పిపుచ్చితే ఐడిలింగ్ కొంచెం కుదురుకున్నట్టు కనిపిస్తుంది, మిగతా వేగాలన్నిటిలో ఇంజిను మసి కక్కుతుంది.

విప్పే ముందు వాల్వ్ క్లియరెన్స్ ఒకసారి చూసుకోవడం మంచిది. ఇన్లెట్ వాల్వు బిగుసుకుపోయి పూర్తిగా మూసుకోకపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలిచి మాన్యువల్లో ఉన్న అంకెకు తేవాలి. ప్లగ్గు కూడా తీసి చూడండి. ఇప్పటి పెట్రోలుతో ప్లగ్గు రంగు పూర్తి నిజం చెప్పదు కానీ సున్నంలా తెల్లబడిందా, నల్లటి మసి పట్టిందా అన్నంతవరకు పనికొస్తుంది.

పెట్రోల్ ట్యాప్ మూసి, బ్యాటరీ నెగటివ్ తీసి, సీటు, ప్యానెళ్లు, ట్యాంకు దించాలి. ప్రతి గొట్టం, ప్రతి తీగ ఎటు నుంచి ఎటు పోతోందో ఫోన్లో ఫొటో తీసుకోండి. కలగలిసిన బండిలో ఇది మరీ అవసరం, ఎందుకంటే మాన్యువల్లోని బొమ్మ మన ముందున్న బండికి సరిపోదు. కార్బరేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, గిన్నెలోని పెట్రోలు సీసాలోకి దించండి. ఆ పని వాకిట్లో, గాలి ఆడే చోట చేయాలి. బీడీలు, అగర్‌బత్తులు, గ్యాస్ పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక్కడి నుంచి నేను ఎప్పుడూ హెడ్ దగ్గర మొదలుపెట్టి ఫిల్టర్ వైపు వెళ్తాను. చాలామంది ఫిల్టర్ నుంచి లోపలికి వస్తారు. హెడ్‌లోని రంధ్రం ఒక్కటే ఈ దారిలో మారనిది, మార్చలేనిది. మిగిలిన ప్రతి వస్తువూ దానికి, దాని పక్కనున్న దానికి నప్పాలి. మారని చోటు నుంచి కొలుచుకుంటూ వస్తే ఏది పరాయిదో దానంతటదే తేలుతుంది. కావలసిన పనిముట్టు వెర్నియర్ కాలిపర్ ఒక్కటే. ప్లాస్టిక్‌ది అయినా చాలు.

మొదట హెడ్‌కు రెండు బోల్టులతో బిగిసే ఇన్లెట్ పైపు. మెకానిక్కులు దీన్ని ఇన్సులేటర్ అంటారు, రబ్బర్ జాయింట్ అని కూడా అంటారు. ఇంజిను వేడి కార్బరేటర్‌కు పాకకుండా ఆపడం, అదురు మింగడం దీని పని. మా వాడి బండిలో దీని బోల్టు రంధ్రాలే కథంతా చెప్పాయి. ఒక రంధ్రం గుండ్రంగా ఉంది, రెండోది కోడిగుడ్డులా సాగి ఉంది. సాగిన అంచున ఆకురాయి పెట్టిన గీతలు ఇంకా మెరుస్తున్నాయి. వేరే బండి పైపు తెచ్చి, రంధ్రాల మధ్య దూరం సరిపోక, ఆకురాయితో పొడిగించి బిగించారు. దాంతో పైపు మొత్తం ఒక పక్కకు జరిగి కూర్చుంది. హెడ్ రంధ్రం అంచు మీద బొటనవేలు పెట్టి లోపలికి జరిపితే ఒకవైపు గోరు తట్టుకునేంత మెట్టు తగిలింది, ఎదురువైపు పైపు వెనక్కి తగ్గి ఉంది. ఆ మెట్టు అడుగున జిగురులాంటి గోధుమరంగు తడి పేరుకుని ఉంది. గాలిలో తుంపరగా వచ్చిన పెట్రోలు మెట్టుకు తగిలి అక్కడే ముద్దకడుతోంది. రేస్ ఇచ్చినప్పుడు ఆ ముద్ద ఒక్కసారిగా లోపలికి పోతుంది, రేస్ వదిలినప్పుడు ఇంజినుకు ఏమీ అందదు. గాలి వచ్చే దిశకు ఎదురుగా నిలబడే మెట్టు అన్నిటికంటే చెడ్డది. కార్బరేటర్ వైపు నుంచి హెడ్ వైపు పోతుంటే దారి కొద్దిగా వెడల్పయితే అంత నష్టం లేదు, ఇరుకైతేనే ఇబ్బంది.

తరువాత ఓరింగ్. పైపు ముఖం మీద గాడిలో కూర్చునే ఈ నల్ల రింగు గాడి అంచు కంటే కాస్త పైకి లేచి ఉండాలి. స్టీల్ స్కేలు అంచును గాడి మీద అడ్డంగా పెడితే స్కేలు రింగు మీద ఆనాలి, లోహం మీద ఆనకూడదు. రింగు చదునుగా అణిగిపోయినా, గాడి కంటే సన్నని రింగు వేసినా బోల్టు ఎంత బిగించినా గాలి ఆగదు. ఇక్కడ రింగుకు బదులు చేత్తో కత్తిరించిన కాగితం ప్యాకింగ్ ఉంది, చుట్టూ ఎర్ర సిలికాన్ గమ్ము. గాలి దారిలో సిలికాన్ పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. పెట్రోలు తగిలి మెత్తబడి ముక్కలుగా ఊడుతుంది, ఆ ముక్కలు పోయి వాల్వు సీటు దగ్గర ఇరుక్కుంటాయి. బ్లేడుతో కాకుండా ప్లాస్టిక్ ముక్కతో మొత్తం గీకి తీయించాను. హెడ్ అల్యూమినియంది, ఒక్క గీత పడినా అది కొత్త లీకుకు దారి.

ఇన్లెట్ పైపును రెండు చేతులతో వంచి చూడండి. మామూలుగా చూస్తే కనపడని చీలికలు వంచినప్పుడు నోరు తెరుస్తాయి. పెట్రోలులో ఇథనాల్ పెరిగాక పాత రబ్బర్లు ఇంకా త్వరగా గట్టిపడుతున్నాయి. దేశంలో ఇథనాల్ కలపడం 2025లో 20 శాతానికి చేరింది. ఇంపల్స్ కాలం నాటి రబ్బర్లు, ఓరింగులు అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

ఇప్పుడు కార్బరేటర్. ఇంపల్స్‌తో వచ్చేది సీవీ రకం. ఎక్సలేటర్ తిప్పితే బటర్‌ఫ్లై తెరుచుకుంటుంది, పైనున్న స్లయిడ్‌ను వాక్యూమే డయాఫ్రం సాయంతో పైకి లేపుతుంది. పీఈ28 రకం వేరు. అందులో కేబులే నేరుగా స్లయిడ్‌ను లాగుతుంది. మా వాడి బండిలో ఉన్నది పీఈ28 నకలు. దాని మూతి బయటి కొలత 34 మిల్లీమీటర్లు, ఇన్లెట్ పైపు లోపలి కొలత 32. వేడి నీళ్లలో ముంచి, సబ్బు రాసి బలవంతంగా ఎక్కించారు. రబ్బరు ఎక్కడైతే సాగిందో అక్కడే, క్లాంపు కింద, చుట్టూ సన్నని చీలిక ఉంది. పైన క్లాంపు కప్పి ఉండడంతో ఎవరి కంటా పడలేదు. సిగ్నల్ దగ్గర రేస్ దానంతటదే లేవడానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం కేబుల్. హ్యాండిల్ దగ్గరి ఎక్సలేటర్ పుల్లీ సీవీకి సరిపడేంత కేబులే లాగుతుంది. స్లయిడ్ 28 మిల్లీమీటర్లు పైకి లేవాలి. ఫిల్టర్ వైపు నుంచి కార్బరేటర్ లోపలికి చూస్తూ ఎక్సలేటర్ పూర్తిగా తిప్పమంటే స్లయిడ్ దారికి అడ్డంగా ఇంకా కొంత వేలాడుతూనే ఉంది. అంటే ఈ బండి ఇన్నాళ్లూ ఫుల్ థ్రాటిల్ చూడనే లేదు. ఇక కేబుల్ బయటి తొడుగు పొట్టిగా ఉండి, హ్యాండిల్ ఎడమకు తిప్పితే స్లయిడ్ కొంచెం పైకి లేస్తోంది. మలుపులో రేస్ పెరిగే బండి ప్రాణం మీదికి తెస్తుంది. కార్బరేటర్ ఏదైనా సరే, బిగించాక హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి రేస్ మారడం లేదని చూడకుండా బండి రోడ్డెక్కించకండి.

వాక్యూమ్ గొట్టాల సంగతి చిన్నదే గానీ ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. ఇన్లెట్ పైపుకో, కార్బరేటర్‌కో సన్నని మూతి ఒకటి ఉంటుంది. సైలెన్సర్ పొగ శుభ్రం కావడానికి తాజా గాలిని పంపే సెకండరీ ఎయిర్ వాల్వుకు అక్కడి నుంచి వాక్యూమ్ పోతుంది. వేరే బండి కార్బరేటర్ వేసినప్పుడు ఈ గొట్టం ఎక్కడ తగిలించాలో తెలియక అలా వదిలేస్తారు, లేదా మూతిలో స్క్రూ దూర్చేస్తారు. మా వాడి దాంట్లో స్క్రూ దూర్చి ఉంది, స్క్రూ మరల సందుల్లోంచి గాలి పోతోంది. కొండ దిగేటప్పుడు వచ్చే టపటపకు ఇది పెద్ద కారణం. రేస్ వదిలినప్పుడు ఆ వాల్వు మూసుకుని ఉండాలి. వాక్యూమ్ అందకపోతే తెరుచుకునే ఉంటుంది, వేడి సైలెన్సర్‌లో కాలని పెట్రోలుకు తాజా గాలి దొరికి పేలుతుంది.

ఫిల్టర్ వైపు వచ్చేసరికి నాకు నిజంగా బాధేసింది. డబ్బా లేదు, దాని స్థానంలో శంకు ఆకారపు ఫిల్టర్ ఒకటి నేరుగా కార్బరేటర్ మూతికి బిగించి ఉంది. వేరే ఊళ్లో ఏమోగానీ బమ్రోలిలో ఇది ఇంజినును చేజేతులా అరగదీయడమే. ఈ వీధుల్లో సాంచాలు రాత్రింబవళ్లు ఆడుతుంటాయి. పాలిస్టర్ నూలు నుంచి లేచే సన్నని పీచు గోడల మీద, కరెంటు తీగల మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. మిల్లుల బొగ్గు మసి, ఎండాకాలం రోడ్డు దుమ్ము, డుమస్ బీచ్‌కు పోతే ఇసుక, వానాకాలం ఖాడీలు, అంటే వాగులు, పొంగితే మోకాలి లోతు నీళ్లు. శంకు ఫిల్టర్ కొన బురద చిమ్మే వెనక చక్రం ముందే ఉంటుంది. దాని రబ్బరు మెడ విప్పి, కార్బరేటర్ మూతి లోపల తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ మీద నల్లటి గీత, అందులో సన్నని పీచు పోగులు. ఫిల్టర్ బట్టలోంచి వచ్చినవి కావు అవి. మెడ సరిగ్గా అంటుకోని పక్క నుంచి దూరాయి. గీత ఒక పక్కనే ఉండడం అందుకు రుజువు. దుమ్ము ఫిల్టర్ దాటి వస్తే చుట్టూ సమంగా పడుతుంది, అతుకులోంచి వస్తే ఒకే వైపు చార కడుతుంది.

డబ్బా కేవలం దుమ్ము ఆపడానికే లేదు. సీవీ కార్బరేటర్‌లో డయాఫ్రం కింది గదికి గాలి ఫిల్టర్ వైపు మూతి దగ్గరి చిన్న రంధ్రం ద్వారా అందుతుంది. డబ్బాలో గాలి నిలకడగా ఉంటే స్లయిడ్ నిలకడగా లేస్తుంది. డబ్బా తీసేస్తే ఆ రంధ్రం దగ్గర గాలి సుడులు తిరిగి స్లయిడ్ వణుకుతుంది, ఏ జెట్ వేసినా మధ్య వేగాల్లో బండి తడబడుతుంది. అందుకే సీవీకి డబ్బా, డబ్బాకు దాని గొట్టం, అన్నీ ఒకే ఇంటివి కావాలి.

ఇంతవరకు కొలిచి చూశాక రెండు దారులు కనిపించాయి. ఒకటి, పీఈ28 ఉంచుకుని దానికి తగిన పైపు, పుల్లీ, కేబుల్, ఫిల్టర్ అన్నీ సమకూర్చడం. రెండోది, అంతా కంపెనీ అమరికకు తిప్పడం. మా వాడు మొదటిదే అడిగాడు. "పెద్ద కార్బరేటర్ ఏస్తె పవర్ ఎక్కువ వస్తది గద మామా?" పోటీలో దూకే బండికి, ఎప్పుడూ ఫుల్ రేస్‌లో ఉండేదానికి రావచ్చు. రోజూ పాండేసరా ట్రాఫిక్‌లో పోయి, సెలవు రోజున డాంగ్ ఘాట్ ఎక్కే బండికి రాదు. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద రంధ్రంలో గాలి వేగం తగ్గి పెట్రోలు సరిగా చీలదు. కొండ మలుపులో రెండో గేరులో రేస్ ఇస్తే ఇంజిను ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. సీవీలో స్లయిడ్ ఇంజిను అడిగినంతే లేస్తుంది కాబట్టి ఆ తంటా లేదు. కంపెనీ అమరికే నా ఓటు.

పాత సామాన్ల కొట్లో కొనేటప్పుడు కాలిపర్ జేబులో ఉండాలి. కొట్టాయన ఏ బండిది అంటాడో వినండి, నమ్మాల్సింది మాత్రం కొలతను. ఇన్లెట్ పైపు బోల్టు రంధ్రాల నడుమ దూరం, రెండు మూతుల లోపలి కొలతలు, ఓరింగ్ గాడి వ్యాసం, కార్బరేటర్ రెండు మూతుల బయటి కొలతలు, డబ్బా గొట్టం లోపలి కొలత: ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లాం. రబ్బరు మూతి లోపలి కొలత కార్బరేటర్ మూతి కంటే పిసరంత తక్కువ ఉండొచ్చు, చేత్తో నొక్కితే ఎక్కేంత. కార్బరేటర్ మూతి మీద గాడి ఉంటే రబ్బరు లోపల దానికి సరిపడే గట్టు ఉండాలి. ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి పడినప్పుడు టక్కుమని వేలికి తెలుస్తుంది. తెలియకపోతే ఆ జత కాదన్నట్టే.

పాత సీవీ కార్బరేటర్ కొనే ముందు స్లయిడ్‌ను వేలితో పైకి ఎత్తి, ఫిల్టర్ వైపు మూతిలోని ఆ డయాఫ్రం రంధ్రాన్ని ఇంకో వేలితో మూసి, స్లయిడ్ వదిలేయండి. మెల్లగా దిగితే డయాఫ్రం బాగున్నట్టు. టప్పున పడితే ఎక్కడో చిల్లి ఉంది. కార్బరేటర్ కడిగేటప్పుడు డయాఫ్రంకు స్ప్రే తగలనివ్వకండి, ఉబ్బి గాడిలో కూర్చోదు. జెట్లను తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తనిది, ఒక్కసారి పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, మీద రాసిన అంకెకు విలువ పోతుంది.

అంకెల గురించి ఇంకో ముఖ్యమైన మాట. కీహిన్ మెయిన్ జెట్ మీద అంకె సుమారుగా రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది, 115 అంటే దాదాపు 1.15 మిల్లీమీటర్లు. మికునీ హెక్స్ జెట్ మీద అంకె దాంట్లోంచి ప్రవహించే పరిమాణాన్ని బట్టి వేసినది. రెండింటి మీదా 115 అని ఉన్నా అవి ఒకటి కావు. నకలు జెట్ల మీద అంకెలనైతే అసలు లెక్కలోకి తీసుకోకండి.

బిగించేటప్పుడూ హెడ్ నుంచే. కొత్త ఓరింగ్‌కు పలచగా ఇంజినాయిల్ రాసి గాడిలో కూర్చోబెట్టి, రెండు బోల్టులు చేత్తో పట్టించి, ఒక్కోటి కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించాలి. ఒకేసారి ఒకటి లాగేస్తే పైపు వాలిపోతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే చిన్న పానాతో మణికట్టు బలం. తరువాత కార్బరేటర్ నిటారుగా పెట్టి, గట్టు గాడిలో పడ్డాకే క్లాంపు బిగించండి. పక్కకు వాలితే ఫ్లోట్ లెవెల్ మారిపోతుంది. డబ్బా గొట్టం చివర్లో. డబ్బా బోల్టులు వదులుగా ఉంచి, గొట్టం కూర్చున్నాక బిగిస్తే అది మెలిపడదు.

ఫ్లోట్ ఎత్తు కార్బరేటర్ బండి మీదికి ఎక్కక ముందే కొలవాలి. కార్బరేటర్‌ను పక్కకు వాల్చి, ఫ్లోట్ నాలుక నీడిల్ వాల్వు పిన్నును తాకీ తాకనట్టు ఉన్న చోట కొలత తీసుకోవాలి. తిరగేసి పెట్టి కొలిస్తే ఫ్లోట్ బరువుకు స్ప్రింగు నొక్కుకుని తప్పు అంకె వస్తుంది. ఎక్కించాక పారదర్శక గొట్టం డ్రెయిన్ మూతికి తగిలించి, గిన్నె పక్కనే పైకి పట్టుకుని, పెట్రోలు ఏ ఎత్తులో నిలిచిందో చూసుకోవచ్చు.

ఇంజిను స్టార్ట్ చేసి లీకు పరీక్ష. కార్బరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడడం అందరూ చేసేదే గానీ, వేడి సైలెన్సర్ పక్కన అది మంటకు పిలుపు. మామూలు నీళ్లు స్ప్రే సీసాలో పోసి ఒక్కో అతుకు మీద తుంపరగా కొడితే చాలు. నీళ్లు చీలికను క్షణం మూసేస్తాయి, అక్కడ రేస్ మారుతుంది. ప్లగ్గు, కాయిల్, ఫిల్టర్ డబ్బా నోరు తడవకుండా చూసుకోండి. మా వాడి బండిలో హెడ్ అతుకు, కార్బరేటర్ అతుకు, వాక్యూమ్ మూతి మూడింటి మీదా కొట్టినా రేస్ చెక్కుచెదరలేదు.

అప్పుడు గానీ పైలట్ స్క్రూ జోలికి పోకూడదు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. స్క్రూ ఇంజిను వైపు ఉంటే అది పెట్రోలును నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే మిశ్రమం పలచనవుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. సీవీలో ఇంజిను వైపు, పీఈ28లో ఫిల్టర్ వైపు. ముందు మెకానిక్ పీఈ28 మీద సీవీ అలవాటుతో తిప్పి ఉంటాడని నా అనుమానం. ఇంజిను బాగా వేడెక్కాక, మెల్లగా లోపలికి ఆగేదాకా తిప్పి, రెండు చుట్లు వెనక్కి వచ్చి, అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున తిప్పుతూ రేస్ గరిష్ఠమయ్యే చోటు పట్టుకోవాలి. ఆపైన ఐడిలింగ్ స్క్రూతో 1400కు దించాలి.

ఇథనాల్ వల్ల ఒక సవరణ అవసరమవుతుంది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసినదానికి సుమారు 13.5 చాలు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి సెన్సర్‌తో సర్దుకుంటుంది, కార్బరేటర్ సర్దుకోలేదు. కంపెనీ జెట్లతో ఇంపల్స్ ఇప్పుడు కొంచెం పలచనగానే నడుస్తుంది. పైలట్ స్క్రూ అర చుట్టు అదనంగా తెరవడంతో మా వాడిది కుదురుకుంది. ఫుల్ రేస్‌లో వెలితి కనిపిస్తే మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచండి, అదీ అతుకులన్నీ బాగున్నాయని తేలాకే.

పెట్రోల్ బంకు దగ్గర పొగ పరీక్ష (పీయూసీ) చేయించుకుంటే ఇచ్చే చీటీని చాలామంది పోలీసుల కోసం దాచుకుంటారు. మిశ్రమం తెలుసుకోవడానికి అంతకంటే చవకైన సాధనం లేదు. కార్బన్ మోనాక్సైడ్ మరీ తక్కువగా, హైడ్రోకార్బన్ ఎక్కువగా చూపిస్తే మిశ్రమం పలచనై ఇంజిను మిస్సవుతోందని. మోనాక్సైడ్ ఎక్కువైతే చిక్కన. సెకండరీ ఎయిర్ పనిచేస్తుంటే తాజా గాలి కలిసి రెండు అంకెలూ తగ్గుతాయి. అందుకే సెట్టింగు చూసుకునే పరీక్షలో మాత్రం ఆ గాలి గొట్టం నొక్కి పట్టుకుని, చీటీ కోసం చేసే పరీక్షలో వదిలేయమని ఆపరేటర్‌కు చెప్పండి.

రోడ్డు పరీక్షకు ఎక్సలేటర్ గ్రిప్పు మీద తెల్ల టేపు అతికించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే ఏ చోట తడబడుతోందో చెప్పడం తేలిక. పావు లోపు పైలట్, నడుమ నీడిల్, పైన మెయిన్ అని లెక్క. సీవీలో స్లయిడ్ గ్రిప్పును బట్టి కాక వాక్యూమ్‌ను బట్టి లేస్తుంది కాబట్టి వేగం నిలకడగా ఉంచి చూడాలి. బమ్రోలి నుంచి సచిన్ వైపు పోయి వచ్చాక మా వాణ్ని సిగ్నళ్ల గురించి అడిగితే, రేస్ నిలబడిందని మాత్రం చెప్పి, మళ్లీ ట్యాంకు దించడానికి తనే పానా తీశాడు. కొత్త రబ్బరు మొదటి వేడికి సర్దుకుంటుంది కాబట్టి అన్ని క్లాంపులూ మరోసారి అర చుట్టు చూసుకోవాలి.

ఫిల్టర్ మాటకొస్తే, మాన్యువల్లో రాసిన కిలోమీటర్లు బమ్రోలికి సరిపోవు. ఇక్కడ నెలకోసారి డబ్బా మూత తీసి చూడాలి, డుమస్ ఇసుకలో తిరిగొస్తే ఆ రోజే. పొడి కాగితం ఫిల్టర్ అయితే కంప్రెసర్ గాలితో లోపలి నుంచి బయటికి, దూరం నుంచి ఊదాలి. పీచు అల్లుకుపోయి ఉంటే ఊదడం మాని మార్చేయండి. వానాకాలంలో డబ్బా అడుగున ఉన్న డ్రెయిన్ గొట్టం కొన నొక్కి నీళ్లు దిగాయో లేదో చూడండి. నీళ్లకు బదులు జిగురు జిగురుగా నూనె దిగితే ఇంజిను బ్రీదర్ నుంచి ఆయిల్ ఎక్కువగా వస్తోందని అర్థం. ఇన్నాళ్లు దుమ్ము మింగిన ఇంజినులో పిస్టన్ రింగులు ఎంత అరిగాయో అప్పుడు కంప్రెషన్ కొలిపించాలి.